గోడ్

నాలుగేళ్ళప్పుడు నా కూతురు ధన్వి
చెప్పుల నిండా ఇసుకతో ఇంట్లోకొచ్చి
"మమ్మీ, ఐ గోడ్ టు ద బీచ్" అంది.
వాళ్ళ నాన్న ఎత్తుకుని ముద్దాడాడు.
పక్కింటావిడని పిలిచి మళ్ళీ చెప్పించాడు.
ఆ వయసు నోట్లో తప్పు
జున్నుముక్కలా ఉంటుంది.

అదే మాట, అక్షరం తేడా లేకుండా
నేనూ అన్నాను ఒకప్పుడు.
ఆరో తరగతి, జాలారిపేట మునిసిపల్ స్కూలు,
కిటికీలోంచి ఎండుచేపల వాసన.
"నూకరత్నం, నిన్న ఎక్కడికెళ్ళావో ఇంగ్లీషులో చెప్పు."
ప్లేకి తగిలించినట్టే, వాక్‌కి తగిలించినట్టే
గోకీ ఒక ఈడీ తగిలించాను,
న్యాయంగా, లెక్కప్రకారం.
స్కేలు అంచు వేళ్ళ కణుపుల మీద పడింది.
క్లాసంతా "గోడ! గోడ!" అని నవ్వింది.
పదో తరగతి దాకా నా పేరదే.
పేరుకేముందిలే.
నిజంగానే లేచిందొక గోడ.
ఇటు నేను. అటు వెంట్.

ఐస్ ఫ్యాక్టరీలో పెట్టెలు మోసే మా నాన్న
రైల్వే క్వార్టర్స్‌లో మ్యూరియల్ ఆంటీ దగ్గర ట్యూషన్ పెట్టాడు.
ఆవిడ పుట్టడమే ఇంగ్లీషులో పుట్టింది.
తిట్టినా, తుమ్మినా, దేవుడితో పోట్లాడినా అందులోనే.
"గోడ్ ఎందుకు కాదు ఆంటీ?" అంటే
తెల్లబోయి చూసేది.
చాలాసేపు ఆలోచించి
"చెవికి నొప్పి, బేబీ. అంతే" అనేది.
నాకు రూళ్ళన్నీ వచ్చు, మాట రాదు.
ఆవిడకి మాట వచ్చు, ఒక్క రూలూ తెలీదు.
మా ఇద్దరి మధ్యా
చల్లారిపోతూ రెండు కప్పుల టీ.

ఆవిడతో ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాను ఓసారి.
కానాగంతల బుట్ట ముందు వంగి
"ఈ చేప ఎంతమంది?" అంది ఆంటీ.
పోలమ్మ నవ్వలేక నవ్వలేక కూలబడి
"ఒలమ్మా, ముగ్గురున్నారు, తీస్కెల్లిపో" అని
ఇంకో రెండు ఊరికే పడేసింది సంచిలో.
అరవయ్యేళ్ళుగా తెలుగులో తప్పులు చేసి
ఆంటీ చేపలు గెలుచుకుంది.
నేనేమో
నా వేళ్ళ కణుపులు చూసుకున్నాను.

ఇప్పుడు పోర్టు రేడియో గదిలో నాది రాత్రి డ్యూటీ.
ఎదురుగా చీకట్లో డాల్ఫిన్ నోస్.
ఇప్పటికీ ఒక వాక్యం అనేముందు
తడిమెట్లు దిగేదానిలా
నోట్లోనే ఒకసారి నడిచి చూసుకుంటాను.
మొన్న లంగరేసిన ఓడలోంచి ఏ దేశం కెప్టెనో
"మేడమ్, నో మూవింగ్, ఓన్లీ స్లీపింగ్" అన్నాడు.
"ఓకే కెప్టెన్, యూ స్లీప్" అన్నాను, నడిచి చూసుకోకుండానే.
ఆ రాత్రి ఆ ఛానల్లో
ఎవరి అమ్మా ఇంగ్లీషు మాట్లాడలేదు.
పొద్దున అరవై వేల టన్నుల బొగ్గు
గీత పడకుండా లోపలికొచ్చింది.

ఇంట్లో తెలుగు వద్దని రూలు పెట్టింది నేనే.
ధన్వి వేళ్ళు కాపాడదామనుకున్నాను.
వాళ్ళ అమ్మమ్మతో ఒక్క మాట చెప్పాలన్నా
ఇద్దరి మధ్యా నన్ను కూర్చోబెట్టుకుంటుంది.
నేను అటూ ఇటూ మోస్తాను,
మా నాన్న ఐసు మోసినట్టు.
చేరేసరికి కొంత కారిపోయే ఉంటుంది.

ఇవాళ తెలుగు నోటుబుక్కు తెచ్చి చూపించింది. మూడో తరగతి.
"రేపు నేను అమ్మమ్మ ఇంటికి వెళ్ళాను."
రేపు చుట్టూ ఎర్రసిరా సున్నా,
పక్కన రెండు అడ్డగీతలు.
"బట్ వై, మమ్మీ?" అంది.
చేతులు వెనక్కి పెట్టుకుని అంది.

ఎందుకో నాకూ చెప్పడం రాలేదు.
చెవికి నొప్పి అనబోయాను.
నొప్పేం లేదు.

"పద, చెప్పులేసుకో" అన్నాను, తెలుగులోనే.
"రేపు వెళ్ళాం కదా,
అమ్మమ్మ ఈపాటికి పులుసు దించేసుంటుంది."